పాతర మీద పాటపెట్టె

మా నాయన కుదురుగా కూర్చోవడం నేను చూసింది తక్కువ. అన్నం కూడా సగం కూర్చుని, సగం లేచి తినే మనిషి. పేపరు నడుస్తూ చదివేవాడు. గడ్డం కూడా నడుస్తూనే గీసుకునేవాడు. పాపం అద్దం ఒకచోటే ఉండేది గనక, మధ్యమధ్యలో దాని ముందుకు వచ్చి పోతుండేవాడు. పేరు గురురాజారావు, తాలూకా ఆఫీసులో గుమాస్తా. కుర్చీలో కూర్చుని చేయాల్సిన ఉద్యోగం ఈయనకు ఎవరిచ్చారో, ఎట్లా నెగ్గుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సినిమాకు పోతే అందరి వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు, అదీ ఇంటర్వెల్ దాకానే. జమ్మలమడుగులో, పులివెందులలో, ప్రొద్దుటూరులో ఆయన పేరు తెలియనివాళ్లు కూడా "ఆ తిరిగే సామి" అంటే గుర్తుపట్టేవాళ్లు.

అట్లాంటి మనిషి ఏళ్ల తరబడి ఒకే పనిమీద ఉన్నాడు. ఒక వస్తువును కదలకుండా నిలబెట్టాలని. ఆ వస్తువు పాటపెట్టె. దానిమీద తిరగాల్సిన రికార్డు కూడా ఒక్కటే. అందులో ఉన్నది మా అమ్మ గొంతు.

మా అమ్మ కమలాంబది జమ్మలమడుగు. వాళ్ల నాయన అనంతపద్మనాభం నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. కూతురికి పద్నాలుగో ఏట మద్రాసుకు తీసుకుపోయి ఒక మంగళహారతి పాడించి రికార్డు చేయించాడు. ఆ కాలంలో కొందరు పాట అయిపోగానే తమ పేరు తామే చెప్పుకునేవాళ్లు. అమ్మ కూడా చెప్పింది.

మావాళ్లల్లో పెళ్లిచూపులంటే పిల్లను చాప మీద కూర్చోబెట్టి పేరేమమ్మా అని అడుగుతారు, ఒక పాట పాడమంటారు. పిల్ల వణుకుతుంది, గొంతు పూడుకుపోతుంది, పాట సగంలో ఆగిపోతుంది. తాత ఆ బాధేమీ లేకుండా వచ్చినవాళ్ల ముందు రికార్డు పెట్టేశాడు. పాటా అదే పాడింది, పేరూ అదే చెప్పింది. పెళ్లికూతురు వంటింట్లో ఉప్మా కలుపుతూ ఉండిపోయింది. పాట అయిపోయేదాకా మా నాయన కదలకుండా కూర్చున్నాడట. అది చూసి మా నాయనమ్మ ఎంత ఆశ్చర్యపోయిందంటే, ఇంకే ప్రశ్నా వేయకుండా తాంబూలాలకు ఒప్పుకుందట.

నాకు రెండేళ్లు నిండకముందే అమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అమ్మ మాట అంటే గుసగుసే. చెవి దగ్గర పెడితేనే వినిపించేది. దూరంగా ఉంటే గరిటెతో పళ్లెం మీద కొట్టి పిలిచేది, ఒక దెబ్బ నాకు, రెండు దెబ్బలు నాయనకు.

పాట సంగతి వేరు. పాడే గొంతు మనం రోజూ మాట్లాడే గొంతు కాదు. కానీ రికార్డు చివర అమ్మ పేరు చెప్పుకున్నది మామూలు మాట. ఉప్పందుకో అనో, తలుపేసి రా అనో అమ్మ ఏ గొంతుతో చెప్పి ఉండేదో, ఆ గొంతు లోకంలో ఆ రికార్డు చివర తప్ప ఇంకెక్కడా లేదు. నాకు అది వినాలని ఉండేది. ఎంత ఉండేదంటే, పక్కింటి పిల్లల్ని వాళ్ల అమ్మలు తిడుతుంటే కూడా ఆగి వినేదాన్ని.

చిక్కేమంటే, సరిగ్గా ఆ చోటికి రాగానే ముల్లు ఎగిరేది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన ఏడాది నాయనకు జమ్మలమడుగు బదిలీ అయింది. అప్పటికి తాత పోయాడు. ఆయన ఇంట్లోంచి రికార్డూ, కీ తిప్పితే పాడే పాత గ్రామఫోను పెట్టె రెండూ మాకు వచ్చాయి. నాయన దాన్ని టీపాయి మీద పెట్టి, కీ తిప్పి, ముల్లు ఆనించాడు. పాట మొదలైంది. ఆయన నడక కూడా మొదలైంది. వాకిలి దాకా పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు. చివరి చరణం రాగానే గబగబా వచ్చి టీపాయి కదలకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. హారతి పూర్తయింది. ఇక పేరు చెప్పాలి. ముల్లు చటుక్కున ఎగిరి, మధ్యలో కాగితం అంటించిన చోటికి పోయి కర్రుకర్రుమంది.

"టీపాయి వంకరగా ఉండాది, దాని కాళ్లు సరిగ్గా ల్యావు" అన్నాడు నాయన.

ఆ టీపాయి మీద అప్పటిదాకా మేము కాఫీలు తాగాం, ఒక్క చుక్క ఒలకలేదు. అయినా సరే, దాన్ని తీసేసి ట్రంకుపెట్టె పెట్టాడు. ముల్లు ఎగిరింది. ట్రంకుపెట్టె తీసి రోలు తిరగేసి దాని మీద పెట్టాడు. ఆ వారమంతా మా ఇంట్లో రోటిపచ్చడి లేదు. చివరి చరణానికి వచ్చి రోలును కూడా పట్టుకున్నాడు, అదేదో పారిపోయేటట్టు. మళ్లీ ఎగిరింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. తన పాట తనకు వినిపిస్తుంటే లోపల ఏదో ఒకటి కడుగుతూ ఉండేది, కడిగినవే మళ్లీ కడిగేది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను గట్టిగా "నాయనా" అని పిలిస్తే ఆయనకు పడేది కాదు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగేవాడు. నన్ను చూసి మొహం అదోలా పెట్టి, "ఎందుకట్లా అరుస్తాండావు? దగ్గరికొచ్చి చెప్పలేవా?" అని కసిరేవాడు. గుసగుసలకు అలవాటైన ఇల్లు కదా, పెద్ద గొంతు గిట్టదేమో అనుకునేదాన్ని. నాకు ఒళ్లు మండేది. వీధిలో ఎవరు కేకేసినా పలికే మనిషికి నేనొక్కదాన్నే వెనకాలే నడిచిపోయి చెవిలో చెప్పాలా?

పులివెందులలో ఉన్నప్పుడు పీటల మీద నమ్మకం పోయి గోడలను నమ్మాడు. దీపం పెట్టుకునే గూటిని కొట్టించి వెడల్పు చేయించి, అడుగున బండ పరిపించి పెట్టెను అందులోకి ఎక్కించాడు. గోడ కదలదు కదా అన్నాడు. నిజమే, గోడ కదల్లేదు. అక్కడ పట్టుకోవడానికి పీట లేదు గనక చివరి చరణంలో ఆయన పెట్టెనే పట్టుకున్నాడు. ముల్లు ఎగిరింది.

"బస్సు పోయింటుంది. రోడ్డు అదిరింది" అన్నాడు.

"యాడ పోయింది నాయనా? మధ్యాన్నం దాకా బస్సే లేదు" అన్నాను.

ఆయనకు నా మీద కోపం రాలేదు, రికార్డు మీద భయం వచ్చింది. వెలుతురులో పట్టుకుని చూశాడు. చివర్లో పిల్లి గీకినట్టు తెల్లటి గీత పడి ఉంది. ఎగిరిన ప్రతిసారీ అది ఇంకొంచెం లోతు అవుతోంది. రికార్డుకు పాత ధోవతి చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పులివెందులలో ఉన్నన్నాళ్లూ మళ్లీ తీయలేదు. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో ఉండలేక ఊరి బయట దాకా నడిచి వచ్చేవాడు. వచ్చినాక మళ్లీ పోయేవాడు.

రాజధాని హైదరాబాదుకు పోయింది, మేము ప్రొద్దుటూరుకు వచ్చాం. అప్పటికి నాకు పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆ ఊళ్లో రేడియోలు బాగుచేసే సిరాజుద్దీన్ అనే ఆయన ఉండేవాడు. నాయన రికార్డును ధోవతితో సహా తీసుకుపోయి ఆయన ముందు పెట్టాడు. నేనూ వెంట పోయాను. సిరాజుద్దీన్ దాన్ని అద్దం కింద చాలాసేపు చూశాడు.

"మొత్తం బాగానే ఉండాది సార్, చివర్న అరిగిపోయింది. ఆ కీపెట్టె ముల్లు బరువు, రికార్డును తినేసింది. కరెంటు పెట్టె తీసుకోండి. దాని చెయ్యి తేలిక, తినదు. కాకపోతే తేలిక గదా, ఊరికే ఎగురుతుంది. కింద పీట శానా గట్టిగా ఉండాల. పీట సరిగ్గా లేకుండా ఏసి ఇంగా ఎగిరించినారంటే, చివర్న ఆ మాటలు మర్సిపోండి సార్."

నాయన రికార్డుకు మళ్లీ ధోవతి చుట్టాడు. దారంతా నాకంటే ముందు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోయాడు. తర్వాత నెలలో కరెంటు పెట్టె ఇంటికి వచ్చింది. పీట కుదిరిందని తేలేదాకా అమ్మ రికార్డు ముట్టుకోకూడదని నిర్ణయం జరిగింది. పరీక్ష చేయడానికి సిరాజుద్దీన్ ఒక పనికిరాని రికార్డు ఇచ్చాడు, ఎవరో హాస్యగాడిది. అత్తగారి మీద అల్లుడి మీద అవే జోకులు పొద్దూమాపూ విని విని నాకు ఈ రోజుకీ అత్తగారి జోకులంటే నవ్వు రాదు.

మేము అద్దెకున్నది రహమత్‌బీ అనే ముసలామె మిద్దెలో సగభాగం. ఆమె భర్త బతికున్నప్పుడు జొన్నల వ్యాపారం. ఆయన పోయాక ఆమె వెనక భాగంలో ఉంటూ ముందు భాగం మాకిచ్చింది. పక్క ఇళ్లన్నీ మగ్గాలే. పొద్దున్నే మొదలైతే పొద్దు గుంకేదాకా నేల సన్నగా అదురుతూనే ఉండేది. మొదటిసారి నాయనకు నిజమైన శత్రువు దొరికాడని నేను సంతోషించాను.

ముందు నాలుగు కాళ్ల మీద నాపరాతి బండ వేయించాడు. అదురు ఆగలేదు. బండ కింద ఇసుక తొట్టి పెట్టాడు. తర్వాత సైకిలు ట్యూబులో గాలి నింపి దాని మీద బండ పెట్టాడు. అది కొంచెం నయం, కానీ తెల్లారేసరికి గాలి తగ్గి బండ ఒక పక్కకు వాలేది. చివరికి దూలానికి ఉయ్యాల గొలుసులు కట్టి బండను వేలాడదీశాడు. నేలతో సంబంధమే లేదు, ఇక నేల ఎంత అదిరితే మనకేంటి అన్నాడు. పెట్టె ఊగింది, దాంతోపాటు హాస్యగాడూ ఊగాడు. రహమత్‌బీ వాకిట్లో నిలబడి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏంది సామీ, పాటకు ఉయ్యాల కట్టినావా? నామకరణం ఎప్పుడు?"

అమ్మ నవ్వింది. శబ్దం లేకుండా నవ్వేది అమ్మ, భుజాలు మాత్రం కదిలేవి. నాయన నవ్వలేదు. గొలుసులు విప్పేసి, నడుము మీద చేతులు పెట్టుకుని నట్టింట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరగడం మొదలుపెట్టాడు. అట్లా తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగాడు. మడమతో నేలను కొట్టాడు. పక్కన కొట్టాడు. మళ్లీ అక్కడ కొట్టాడు. అక్కడ చప్పుడు వేరుగా వచ్చింది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు.

"రహమత్‌బీ, ఈ బండ కింద ఏముండాది?"

"పాతర సామీ. మా ఆయన జొన్నలు పోసేటోడు. ఆయన పోయినాక మూసేసినాం. నువ్వు ఇన్ని దినాలూ దాని నెత్తిమీద తిరుగుతాండావు."

నాయన మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. పీటది తప్పు కాదు, నేలే బోలు! ఎంత బరువు పెడితే అంత అదురుతుంది! ఇది ఇంటింటికీ వెళ్లి చెప్పాలన్నంత ఉత్సాహం వచ్చింది ఆయనకు. జమ్మలమడుగులో, పులివెందులలో పాతర ఎక్కడుందని నాకు అడగాలనిపించింది గానీ, ఆ మొహం చూసి ఊరుకున్నాను.

ఆయన ఆలోచన ఇది. పాతర మూత తీసి, అడుగున గట్టి నేల మీద ఒక రాతి స్తంభం నిలబెట్టాలి. అది పైకి వచ్చి ఇంటి నేలను ఎక్కడా తాకకుండా నడుము ఎత్తు దాకా లేవాలి. దాని నెత్తిన బండ, బండ మీద పెట్టె. మగ్గాలు అదిరినా, మనుషులు తిరిగినా స్తంభానికి తెలియదు. రహమత్‌బీ ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. ఆమె, "జొన్నలు పోసిన చోట పాట పోస్తానంటావు, పోసుకో. నేను పోయినాక మా వోళ్లు స్తంభం ఎందుకని అడుగుతారు, ఏం చెప్పాలో అది కూడా నువ్వే చెప్పు" అంది.

కానీ ఒక షరతు పెట్టింది. మూత తీసిన పాతరలోకి వెంటనే దిగకూడదు. లోపలి గాలి చెడ్డది, దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. పొద్దంతా తెరిచి ఉంచాలి, తర్వాత తాడుకు లాంతరు కట్టి దింపాలి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. నాయన ఆ పొద్దంతా ఎట్లా గడిపాడో దేవుడికే తెలియాలి. పాతర చుట్టూ తిరిగాడు. లాంతరు దింపాడు, తీశాడు, మళ్లీ దింపాడు. "తొందరపడితే నీ పెండ్లాము బొట్టు పోతుంది సామీ, కూచో" అని రహమత్‌బీ కేకేస్తే పోయి గడప మీద కూర్చుని, మరుక్షణమే లేచాడు. పాతరలోంచి మగ్గిన జొన్న వాసన వచ్చి ఇల్లంతా నిండింది.

స్తంభం నిలబడింది. పని ముగిసినాక నాయన దాని పక్కన గంతేశాడు. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, పంచె ఎగ్గట్టి, నట్టింట్లో పిల్లవాడిలా గంతులు వేశాడు. హాస్యగాడు ఒక్క మాట తప్పకుండా చివరిదాకా వాగాడు. నాయన నన్నూ గంతేయమన్నాడు, వేశాను. ముల్లు కదల్లేదు.

మగ్గాల వాళ్లు అమావాస్య నాడు పని చేయరు. ఆ రోజు దాకా ఆగుదామన్నాడు, ఎందుకైనా మంచిదని. అమావాస్య నాడు మధ్యాహ్నం, వీధంతా సద్దుమణిగినాక, బీరువా తాళం తీసి ధోవతి విప్పాడు. ఆ రోజు మొదటిసారి అమ్మ వంటింటి గడప దాకా వచ్చి నిలబడింది, చేతిలో పళ్లెం అలాగే ఉంది. నేను స్తంభానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

పాట మొదలైంది. కరెంటు పెట్టెలో అమ్మ గొంతు ఇంకా స్పష్టంగా ఉంది, పక్కన ఉండి పాడినట్టే. నాయన వాకిలికీ గోడకూ మధ్య తిరుగుతున్నాడు. స్తంభానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఒక్కో చరణం దాటుతోంది. చివరి చరణం వచ్చింది. నాయన నడక ఆపి వచ్చి, బండ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

అమ్మ ఒక్కసారి ముందుకు వంగింది. పెదవులు కదిలాయి. ఏదో చెబుతోంది, గట్టిగా చెప్పాలని మెడ నరాలు తేలేలా ప్రయత్నిస్తోంది. ఏమీ వినిపించలేదు. ఆమె గుసగుసను ఆమె పాటే మింగేసింది. పళ్లెం మీద కొట్టింది, రెండు దెబ్బలు. నాయన తలెత్తి చూసి, గట్టిగా పట్టుకోమంటోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ముల్లు ఎగిరింది.

కర్రుకర్రుమంటున్న పెట్టెను నేనే ఆపాను. నాయనకు నిందించడానికి ఇక ఏమీ మిగల్లేదు. పీట లేదు, నేల లేదు, మగ్గం లేదు, బస్సు లేదు. పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చాడు. స్తంభాన్ని కొడతాడో పెట్టెనే కొడతాడో నాకు తెలియలేదు. భయంతో లేచి నిలబడ్డాను.

అమ్మ వచ్చి గడ్డపార పట్టుకుంది. పట్టుకుని గోడకు ఆనించింది. ఆయన కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లు విప్పి పైకెత్తి నాకు చూపించింది. ఆ వేళ్లు వణుకుతున్నాయి. జ్వరం వచ్చిన వాడికి వణికినట్టు వణుకుతున్నాయి. నేను ఆ చేతిని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆఫీసు కాగితాలు రాసిన చేయి, ఎన్నడూ వణకలేదు. వణికేది ఆ చివరి చరణానికి మాత్రమే. జమ్మలమడుగు టీపాయి నుంచి ఈ స్తంభం దాకా ఆయన కదలకూడదని పట్టుకున్నాడు, పట్టుకోబట్టే కదిలింది. హాస్యగాడికి ఎగరని ముల్లు అమ్మకే ఎందుకు ఎగురుతుందో మా తండ్రీకూతుళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

నేను అమ్మ నోటి దగ్గర చెవి పెట్టాను. "నాకూ ఇప్పుడే తెలిసింది. మట్టిలో నిలబడిన రాయి గదా, ఇంగెవురు కదిలిస్తారు దాన్ని?" అంది. తర్వాత, "మళ్లీ పెట్టు" అంది.

"వద్దు కమలా" అన్నాడు నాయన. "ఇంకోసారి ఎగిరిందంటే ఏమీ మిగల్దు. ఉన్నదేదో ఉండనీ. వద్దు."

అమ్మ ఆయన చేయి వదల్లేదు. చాప పరిచి కూర్చుంది, ఆయన్నీ లాగి కూర్చోబెట్టింది. రెండో చేతిని కూడా తీసుకుని రెండూ తన ఒళ్లో పెట్టుకుని మీద తన చేతులు వేసింది. ఆయన లేవబోయాడు. ఆమె వదల్లేదు. నన్ను చూసి తల ఊపింది.

ముల్లు నేను ఆనించాను. ఆ గీత ఇప్పుడు ఎంత లోతుగా ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. ఇది పోతే నా చేతులతోనే పోతుంది. పాట నడుస్తోంది. నాయన మోకాళ్లు కదులుతున్నాయి, భుజాలు కదులుతున్నాయి, నడవాల్సిన నడకంతా కూర్చునే నడుస్తున్నాడు. అమ్మ ఆయన చేతులను ఇంకా ఒత్తి పట్టుకుంది. చివరి చరణం వచ్చింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హారతి పూర్తయింది. ముల్లు గీత దగ్గరికి వచ్చి, టక్కుమని ఒక చప్పుడు చేసి, దాటింది.

"నా పేరు కమలాంబ. మాది జమ్మలమడుగు."

పద్నాలుగేళ్ల పిల్ల. పాఠం అప్పగించినట్టు చెప్పింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. రికార్డు ఇంకా తిరుగుతోంది. పక్కకు తిరిగి, మిషను ఇంకా వింటోందని తెలియక ఆ పిల్ల వాళ్ల నాయనను అడిగింది.

"ఇంత చాలునా నాయనా?"

ఆ పిలుపు నాది. నేను వంటింట్లోంచి పిలిచి తిట్లు తినే పిలుపు, అదే సాగదీత, అదే గొంతు. నన్నెవరో మద్రాసుకు తీసుకుపోయి పిలిపించి రికార్డు చేసినట్టుంది. ఇన్నేళ్లూ అమ్మ గొంతు ఎట్లా ఉంటుందో అని వీధిలో అందరి అమ్మల మాటలూ ఆగి విన్నాను. అది నా నోట్లోనే ఉంది. నేను అమ్మను చూశాను. ఆమె నాకేసి చూస్తూ తల ఊపింది, నీకు తెలియదా అన్నట్టు.

నాయన కళ్లు తెరిచాడు. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"నీకు మాటలొచ్చిన కాడి నుంచీ అదే గొంతే తల్లీ" అన్నాడు. "నువ్వు పిలిచినప్పుడల్లా మీ అమ్మే పిలిచిందనుకుని తిరిగి చూస్తా. చూస్తే నువ్వుంటావు. నీమీద కోపం కాదు."

అప్పుడు ఏడ్చాను నేను. ఎన్నిసార్లు కసిరాడు, ఎన్నిసార్లు నేను గొంతు తగ్గించుకున్నాను! ఆ ఇంట్లో మోగాల్సిన గొంతు ఒక్కటే ఉంటే, దాన్ని ముగ్గురం కలిసి నొక్కిపెట్టాం.

ఆ రికార్డు మళ్లీ పెట్టలేదు. పెట్టె కొన్నాళ్లకు సిరాజుద్దీన్ కొట్టుకే పోయింది. స్తంభం మీద అమ్మ ఊరగాయ జాడీ పెట్టుకుంది. అంత స్థిరమైన చోటు ఊరగాయకు ప్రొద్దుటూరులో ఇంకెవరి ఇంట్లోనూ దొరకదని రహమత్‌బీ అందరికీ చెప్పేది. నాయన తిరుగుడు ఏమీ మారలేదు. అది పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే, పోయేది కాదు.

ఒక్కటి మాత్రం మారింది. అమావాస్య మర్నాడు అన్నం వడ్డించి వంటింట్లోంచి పిలిచాను. గొంతు తగ్గించకుండానే పిలిచాను.

"నాయనా, అన్నానికి రా!"

రాలేదు. ఆఫీసుకు టైమవుతోంది. అంతసేపూ వినిపించిన అడుగుల చప్పుడు ఆగిపోయింది. మళ్లీ పిలిచాను. పలకలేదు. ఏమైందో అని వెళ్లబోతుంటే అమ్మ నా కొంగు పట్టుకుని ఆపి, తలుపు సందులోంచి చూడమంది.

చొక్కా ఒక చేయి మాత్రం తొడుక్కుని, నాయన చాప మీద కూర్చుని ఉన్నాడు. కదలకుండా, తల ఒక పక్కకు వంచి.

అమ్మ నా చెవిలో, "ఇంకోసారి పిలువు" అంది.